అసంపూర్ణజ్ఞానము - కర్తవ్యనిర్ణయము

మనుష్యుఁడు సర్వజ్ఞుఁడు కాఁడు. అయినను ప్రతిదినమును ఏదో యొకటి నిశ్చయింపక తప్పదు. సర్వమును తెలిసినఁగాని యడుగు వేయనన్నవాఁడు ఇల్లు కదలఁజాలఁడు. ఎటులైనను తెలియదు గదా యని కన్నులు మూసికొని నడచువాఁడు గోతిలోఁ బడును. ఈ రెంటి నడుమ ధర్మమార్గ మెయ్యది?

హైదరాబాదునందు, మాదాపురపు హైటెక్ సిటీలో పేరుగాంచిన సత్యం కంప్యూటర్స్ సంస్థ వృత్తాంతము దీనికి మంచి నిదర్శనము. 2008 డిసెంబరు 16వ తేదిని ఆ సంస్థవారు తమ యధ్యక్షుని కుటుంబమునకుఁ జెందిన రెండు మైటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకుఁ గొనఁబోవుచున్నామని ప్రకటించిరి. వాటాదారులు తీవ్రముగా నభ్యంతరము చెప్పిరి. కొన్ని గంటలలోనే యా సంకల్పము విడువవలసి వచ్చెను.

ఆ వాటాదారులకు లెక్కలలోని మోసము తెలియదు. కొనుటకు పూనుకొన్న యధ్యక్షుఁడును అమ్మువారును ఒకే కుటుంబమువారను సంగతి మాత్రము తెలియును. ఆ యొక్క సంగతినే పట్టుకొని, ఇది యెవరి మేలుకొఱకని యడిగిరి. 2009 జనవరి 7వ తేదిని అధ్యక్షుఁడగు రామలింగరాజు గారు తమ లేఖలో, లెక్కలలోఁ జూపిన బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనివే యనియు, లేని యాస్తులకు బదులు నిజమైన యాస్తులు నింపుటకు మైటాస్ కొనుగోలు కడపటి యత్నమనియు ఒప్పుకొనిరి. దీపము వెలుఁగు నాలుగడుగులే యైనను, ఆ మేర చక్కఁగాఁ జూచినవారు గోతిని దాఁటిరి. అదే 2008లో ఆ సంస్థకు సుపరిపాలనకై గోల్డెన్ పీకాక్ బహుమానము వచ్చియుండెను. దానిని మాత్రమే చూచి నమ్మినవారు ఒరుల మాటను తమ యెఱుకగా భ్రమించిరి.

పిమ్మట వేలకొలఁది యుద్యోగులు, నిలుచుటయా విడుచుటయా యని తల్లడిల్లిరి. ప్రభుత్వము నియమించిన క్రొత్త పాలకవర్గమునకును నమ్మఁదగిన లెక్కలు లేవు. అయినను వారు పని నడపి, 2009 ఏప్రిల్ నెలలో సంస్థను టెక్ మహీంద్రావారి పరము చేసిరి. నిలిచినవారిని మూఢులనియు, విడిచినవారిని ద్రోహులనియు నిందించుట న్యాయము కాదు. ఫలమును గాక, నాఁడు తమకుఁ దెలిసినదానిని శ్రద్ధతో విచారించిరా లేదా యనుటనే మనము చూడవలయును.

కావున మేము చెప్పునది యిది: తెలియకపోవుట పాపము కాదు. తెలియఁదగినదానిని విచారింపకుండుట దోషము. తెలిసినదానిని దాఁచి, నమ్మినవారి నిర్ణయములను చెఱచుట అంతకంటె మిక్కిలి ఘోరము.

నేఁడును మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములకు ఉద్యోగార్థులై యువతీయువకులు ఎందఱో వచ్చుచున్నారు. సోదరసోదరీమణులారా! ఏ పనికైనను సమ్మతించుటకు ముందు మూఁడు ప్రశ్నలు వేసికొనుఁడు: నాకు నిక్కముగాఁ దెలిసిన దెంత? అడిగి తెలిసికొనఁదగిన దెంత? నా నిర్ణయము తప్పినచో నష్టపడువా రెవరు? ఇట్లు విచారించి యడుగిడినవారికి నష్టము రావచ్చును గాని, అపరాధము రాదు.