ఎవరు తెచ్చిరి?

ఆసుపత్రిలో అంటురోగము పుట్టెనని వినగానే మనము మొట్టమొదట అడుగు మాట ఇదియే. ఇది న్యాయమైన ప్రశ్నయేనా?

2003వ సంవత్సరమున తైవాను దేశపు ముఖ్యపట్టణమగు తైపేలో సార్స్ అను శ్వాసరోగము వ్యాపించెను. అచ్చటి హెపింగ్ ఆసుపత్రిలో బట్టలుతుకు పనివానికి ఏప్రిల్ మాసమున జ్వరమును విరేచనములును కలిగెను. వైద్యులు పేగులజబ్బని తలంచిరి. అతడు కొన్ని దినములు పనిలోనే యుండెను. అతని పడకయు ఆసుపత్రి నేలమాళిగలోనే. ఆ మాసము 24వ తేదీన రోగులను, సిబ్బందిని, చూడవచ్చినవారిని లోపలనే యుంచి అధికారులు తలుపులు మూసివేసిరి.

అతడే తెచ్చెననుట సులభము. అయితే అతనికిని అది ఎవరియొద్దనుండియో వచ్చినదే గదా! రోగుల మైలబట్టలు మోయువానిని రోగము జీతపు పట్టీ చూచి విడిచిపెట్టదు. అవయవములలో బలహీనముగా కనబడునవే మరి అవశ్యమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. చేతితొడుగులు పంచునప్పుడు ఆ వరుస తలక్రిందులగుచున్నది.

జ్వరముతో పనికి పోవుట ఇతరులకు హానియే. దానిని మేము కాదనము. కాని ఇంట నుండుమని చెప్పువారు ఆనాటి బియ్యము సంగతి చెప్పరు. మన సంఘములలోను ఆయాలుగా, ఊడ్చువారుగా ఆసుపత్రులకు పోవు సహోదరీలు కలరు. జ్వరపు దినములకు కూలి దొరకని చోట, గుమ్మమున ఎంత మందునీరు చల్లినను వారు పనికి వచ్చుచునే యుందురు.