వేళ్ల సందుల్లో తడి

నాట్లు వేసి వచ్చిన అమ్మ కాళ్లు కడుక్కుని, పాత నూలుచీర ముక్కతో వేళ్ల సందులు ఒక్కొక్కటీ ఒత్తి తుడుచుకునేది. షుగర్ ఉన్నవాళ్లకు ఆ రెండు నిమిషాలే పెద్ద కాపలా. చిటికెన వేలి పక్కన చర్మం తెల్లగా నాని, చీలి, పొట్టు లేస్తే అది ఫంగస్ కావచ్చు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారిన పాదానికి దురదా మంటా సరిగా తెలియవు. ఆ చీలికలోంచే క్రిములు లోపలికి దిగి పుండు పడవచ్చు. అందుకే రోజూ కళ్లారా చూసుకోవాలి. అరికాలు కనపడకపోతే కింద అద్దం పెట్టుకోండి, మనవణ్ణి పిలవండి. డాక్టరును అడగకుండా స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ కొనకండి. దురద అణుగుతుంది, ఫంగస్ పెరుగుతుంది. డాక్టరు రాసిన క్రీము, తగ్గినట్టు కనిపించినా, చెప్పినన్నాళ్లూ రాయండి. ఎరుపో వాపో చీమో కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.