బిడ్డను ఎవరి చేతికి అప్పగించుచున్నాము?



బిడ్డలోని నేర్పును పెంచుట తలిదండ్రుల ధర్మమని అందరమును ఒప్పుకొందుము. అయితే ఆ నేర్పు పేరట ఆరేండ్ల బిడ్డను ఒక శిక్షకుని చేతికి అప్పగించునప్పుడు, అందులో బిడ్డ మేలెంత, మన ఆశ యెంత అని తూచి చూచుకొనువారు కొద్దిమందియే. ఈ నెల ఈ సంగతిని జిమ్నాస్టిక్స్ అను ఆట మూలముగా ఆలోచింతము.

మన యూళ్ళలో గడసాము చూచినవారికి ఈ ఆట ఎట్టిదో కొంత తెలియును. నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తున, 10 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే గల దూలము మీద ఆడపిల్లలు పల్టీలు కొట్టవలెను. ఒళ్ళు తేలికగాను, కీళ్ళు మెత్తగాను ఉన్న ప్రాయములోనే నేర్వవలెనని చాలమంది ఆరేడేండ్లకే మొదలుపెట్టుదురు. 1997 నుండి, స్త్రీలు అంతర్జాతీయ పోటీలలో పెద్దల తరగతిలో ఆడవలెనన్న ఆ సంవత్సరములో 16 ఏండ్లు నిండవలెనను నియమమున్నది. అనగా తన మేలుకీడులు తాను విచారించుకొను వయస్సు వచ్చుసరికి బాలిక రమారమి పదేండ్లు శ్రమపడి యుండును. దారి నిర్ణయమైనది పసితనములోనే.

ఇంటిలో అక్క ముందు నడచినచో చెల్లి దారి మరింత సులభముగా నిర్ణయమగును. ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్ పట్టణమునకు చెందిన బెకీ డౌనీ, ఎలీ డౌనీ అను అక్కచెల్లెండ్ర సంగతి చూడుడు. అక్క ఏడేండ్లు పెద్దది. ఆమె 2014 లోను, 2016 లోను కమ్మీల ఆటలో యూరపు విజేత. చెల్లి 2017 లో అన్ని అంశములు కలిపి యూరపు విజేత. 2016 రియో ఒలింపిక్సుకు ఇద్దరును కలిసి వెళ్ళిరి. ఇట్టి బిడ్డలను కన్నందుకు ఏ తల్లి సంతోషింపదు?

అయితే 2020 జూలైలో ఆ యిద్దరును కలిసి ఒక ప్రకటన చేసిరి. శరీరము కూలిపోవువరకు సాధన చేయించిరనియు, బరువు విషయమై సిగ్గుపరచిరనియు, అదంతయు మామూలే అన్నట్లు చెలామణి అయ్యెననియు తెలిపిరి. ఈ చివరి మాట మన మనస్సులో నిలువవలెను. అక్క సహించినది చెల్లికి ఆనవాయితీ యగును. అక్క నోరు మూసికొనినచో, ఇదే న్యాయమని చెల్లి యనుకొనును. తలిదండ్రులు సయితము, పెద్దది ఓర్చినది గదా, చిన్నది ఓర్వదా అందురు. ఈలాగున ఒక బిడ్డ ఓర్పు మరియొక బిడ్డకు కాడి యగును.

ఆ దేశములో ఇట్టి మొరలు అనేకములు రాగా, ఆన్ వైట్ అను న్యాయవాది విచారణ జరిపి 2022 జూన్‌లో నివేదిక వెలువరించిరి. 400 మందికి పైగా సంగతులు తెలిపిరి. వాటిలో నూటికి 40 కి మించి శిక్షకులు శరీరమును హింసించిన సంగతులు చెప్పినవి. పిమ్మట 2023 లో, 10 ఏండ్లు, అంతకు లోపు వయస్సు గల పిల్లలను అసలు తూచనే కూడదని అక్కడి జిమ్నాస్టిక్స్ సంస్థ నియమము చేసెను. ఎలీ ఆ యేడే, 23 ఏండ్లకే, మనశ్శాంతి కోరి ఆట విడిచెను. బెకీ మాత్రము 32 ఏండ్ల వయస్సున 2024 పారిస్ ఒలింపిక్సులో ఆడెను.

“దెబ్బ లేనిదే విద్య రాదు గదా?” అని కొందరడుగుదురు. కాఠిన్యము లేనిదే ఈ ఆట రాదనుట నిజమే. మన దేశములో త్రిపురకు చెందిన దీపా కర్మాకర్‌కు చిన్నతనములో అరికాళ్ళు చదునుగా నుండెను. అది ఈ ఆటకు పెద్ద లోపము. బిశ్వేశ్వర్ నందీ అను గురువు వద్ద ఏండ్ల తరబడి సాధన చేసి, 2016 రియోలో వాల్ట్ అంశమున ఆమె నాలుగవ స్థానము పొందెను. అయితే పని కాఠిన్యము వేరు, మనిషి కాఠిన్యము వేరు. దూలము సన్నముగా నుండుట పని కాఠిన్యము. పడిన బిడ్డను నవ్వులపాలు చేయుట మనిషి కాఠిన్యము. మొదటిది నేర్పును, రెండవది దాచుట నేర్పును. నొప్పిని దాచుకొన్న బిడ్డ గాయము మీదనే దుముకును.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు పరుగు పందెమును ఉపమానముగా చెప్పెను. అక్కడ ఆయన కఠినముగా లోబరచుకొనినది తన శరీరమునే గాని యితరుని బిడ్డ శరీరమును కాదు. తనకు తాను నియమించుకొను కష్టమునకును, నోరులేని పసివానిపై మనము మోపు కష్టమునకును చాల భేదమున్నది.

ఇది ఎక్కడి సంగతియో అని మనము తీసివేయరాదు. మనమును పొలము తాకట్టు పెట్టి పెద్దవానిని పట్టణములోని హాస్టలు చదువుకు పంపి, రెండేండ్లకు చిన్నదానిని వాని వెనుకనే పంపుచున్నాము. అన్న తెచ్చిన మార్కులే చెల్లికి కొలబద్ద యగుచున్నవి. గనుక మూడు సంగతులు విచారింపుడని కోరుచున్నాము. బిడ్డ “నొప్పి” అనినప్పుడు వినువారు అక్కడ ఉన్నారా? చెప్పకుండ వెళ్ళినను తలిదండ్రులను లోనికి రానిత్తురా? “ఇక నాకు వద్దు” అనిన బిడ్డకు మన యింటి తలుపు తెరచి యున్నదా? ఈ మూడవ ప్రశ్నకు శిక్షకుడు కాదు, మనమే జవాబు చెప్పవలెను. సెలవులకు బిడ్డలు ఇంటికి వచ్చినప్పుడు ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చుండబెట్టుకొని అడుగుడు. అన్న యెదుట చెల్లిని అడుగవద్దు.