పితృభూమి, ధర్మబాధ్యత

ఆస్ట్రేలియాకూ పపువా న్యూగినీకీ మధ్యనున్న టోరెస్ జలసంధి ద్వీపాలలో, పెరుగుతున్న సముద్రమట్టం శ్మశానాలను కోసివేసి పూర్వీకుల అస్థికలను చెల్లాచెదురు చేస్తున్నప్పుడు, మృతుల పట్ల జీవించి ఉన్నవారికి గల ధర్మం ఏమవుతుందన్న ప్రశ్న తలెత్తుతుంది. అక్కడి ఆదివాసులు ‘ఐలన్ కస్టమ్’ అని పిలుచుకునే జీవనధర్మం, అంటే నేల, సముద్రం, పితరుల పట్ల తరతరాలుగా పాటించే ఆచారాల, బాధ్యతల సముదాయం, ఆ స్థలంతో విడదీయరానిది కనుక, వలసపోవడమంటే వారికి కర్తవ్యం నెరవేర్చే చోటునే కోల్పోవడం.

2022లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ, సకాలంలో తగిన రక్షణ చర్యలు చేపట్టని ఆస్ట్రేలియా ఆ ద్వీపవాసుల సాంస్కృతిక హక్కును ఉల్లంఘించిందని నిర్ధారించింది. 2025లో ఆ దేశపు ఫెడరల్ కోర్టు మాత్రం, ద్వీపాలకు జరుగుతున్న హానిని గుర్తిస్తూనే, నిర్లక్ష్యానికి సంబంధించిన చట్టం కింద ఐలన్ కస్టమ్ నష్టానికి పరిహారం లభించదని తీర్పు చెప్పింది.

లెక్కకట్టగలిగినదే నష్టమని భావించే దృష్టికి పవిత్రత అందదు. పితృఋణాన్ని, అనగా పూర్వీకులకు తీర్చవలసిన బాకీని, ఋణత్రయంలో ఒకటిగా ఎంచే సంప్రదాయం ఎరిగినవారికి ఆ ద్వీపవాసుల వేదన పరాయిది కాజాలదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో అత్యల్ప పాత్ర గలవారు అత్యధిక మూల్యం చెల్లించడం అధర్మం. తరలింపు అనివార్యమైనచోట సైతం, 2007 నాటి ఐక్యరాజ్యసమితి ఆదివాసీ హక్కుల ప్రకటన కోరినట్లు, వారి స్వేచ్ఛాయుతమైన ముందస్తు సమ్మతి లేనిదే అది న్యాయసమ్మతం కానేరదు.