ఎవరి నీడ కొరకు?



తాను అనుభవింపని ఫలము కొరకు మనుష్యుడు కష్టపడవలెనా? అందునా తనది కాని ఊరిలో, తన పిల్లలు కూడ నిలుస్తారో లేదో తెలియని చోట, ఒక మొక్క నాటి నీళ్ళు పోయుట ధర్మమా, వ్యర్థమా? ఈ ప్రశ్న మాకు పుస్తకములో దొరకలేదు. గత జనవరి మాసములో ఒక శనివారము, తమిళనాడులో రాజపాళయము దగ్గరనున్న చోళపురములో, ఎండలో నడిచి కాళ్ళు నొప్పి పుట్టిన తరువాత అది మా మధ్యకు వచ్చింది. ఆ దినము మేము మాట్లాడుకొన్న సంగతులను, తేలినవాటిని, తేలనివాటిని కూడ మీ ముందు పెట్టుచున్నాము.

మేము పదకొండు మందిమి. పెద్దలు ఎనిమిది మంది, పిల్లలు ముగ్గురు. చెన్నైలో రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున రాజపాళయములో దిగాము. పడమట పడమటి కనుమలు గోడ కట్టినట్లు నిలిచియున్నవి. ఆ గోడ వలననే నైరుతి వానలు ఇటు అంతగా రావు. ఆంధ్రదేశములో మన పెద్దలు ఆషాఢములో విత్తనము చల్లితే, ఇక్కడివారు ఐప్పసి, కార్తిక మాసముల ఈశాన్య వానల కొరకు కాచుకొందురు. స్టేషను బయట టీ త్రాగుచుండగా ప్రక్క బల్ల మీద ఇద్దరు తెలుగులో మాట్లాడుకొనుట విని పిల్లలు ఆశ్చర్యపడ్డారు. ఆశ్చర్యపడనక్కరలేదు. విజయనగర కాలములో తెలుగుదేశము నుండి వచ్చితిమని చెప్పుకొను రాజులు ఈ పట్టణములో తరతరములుగా ఉన్నారు. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు.

మాకు పరిచయమైన ఒక కుటుంబము వారు ఊరి పొలిమేరలో నాలుగేండ్ల క్రితము నాటిన ఒక చిన్న వనమును చూపింతుమని పిలిచారు. పిల్లలు అడవి అనుకొని వచ్చారు. తీరా చూస్తే వరుసలు వరుసలుగా వేప, కానుగ, నేరేడు, ఇప్ప, చింత, అక్కడక్కడ మర్రి. కొన్ని మా భుజముల వరకు, కొన్ని మా తల దాటి. ప్రతి మొదలు చుట్టు పాదు, పాదు చుట్టు ముళ్ళకంప. మధ్యమధ్య ఖాళీ గుంటలు. ఒక పిల్లవాడు వాళ్ళ తాతగారి చెయ్యి పట్టి, "తాతయ్యా, అడవి ఎక్కడుంది?" అని అడిగాడు. మేమందరము నవ్వాము గాని ఎవరివద్దను జవాబు లేదు.

రెండు గంటలు నడిచాము. నీడ లేదు. గొడుగులు పట్టుకొని వనములో నడచుట మాకు అదే మొదటిసారి. మధ్యాహ్నము అన్నపు డబ్బాలు విప్పవలసి వచ్చినప్పుడు, వనము దాటి గట్టు మీదనున్న ఒక ముసలి చింతచెట్టు క్రిందికి పోయి కూర్చున్నాము. పులిహోర తినుచుండగా మాలో ఒక సహోదరి, "ఈ చెట్టు ఎవరు నాటారో?" అన్నది. మమ్మును పిలిచినవారికి తెలియదు. వారి తండ్రిగారి చిన్ననాటికే అది పెద్ద చెట్టట. పులిహోరలోని చింతపండును, మా నెత్తి మీది నీడను ఇచ్చినవాని పేరు మాలో ఒక్కరికి తెలియదు. మా ప్రశ్న మొదలైనది అక్కడ.

ఆ వనమునకు నీళ్ళు పోయు పెద్దాయన కూడ మాతో కూర్చున్నాడు. అరువది దాటిన మనిషి. ఆయన తెలుగు మన తెలుగువలె ఉండదు, అయినా వినుటకు బాగుంటుంది. మేము మొక్కలు నాటుటను గూర్చి గొప్పగా మాట్లాడుచుండగా ఆయన, "నాటేది ఒగ దినం సామీ. నీళ్ళు పోసేది మూడేండ్లు" అన్నాడు. మాకు తలవంపు కలిగింది. ఎందుకనగా కొన్నేండ్ల క్రితము మా సంఘము ఆవరణములోనే ఒక ఉత్సవ సందర్భమున నలువది మొక్కలు నాటాము. అతిథి వచ్చారు, రిబ్బను కట్టాము, ఫోటో తీసుకొన్నాము. మరుసటి వేసవికి రెండు మొక్కలు మిగిలినవి. అవి కూడ ప్రక్కింటివారు జాలిపడి నీళ్ళు పోసినవే. ఫోటో ఇంకను గోడ మీద ఉన్నది.

అందుచేత ఈ వనములోని ఖాళీ గుంటలను చూచినప్పుడు, ఇక్కడను మనవలెనే జరిగినదని మనసులో అనుకొన్నాము. ఒకరు ఆ మాట పైకి అననే అన్నారు. పెద్దాయన కోపపడలేదు. రెండవ ఏడు ఎండ బాగా ముదిరి, ఊరికి నీళ్ళ బండ్లు వచ్చిన దినములలో తాను కొన్ని వరుసలకు నీళ్ళు మానివేసితినని చెప్పాడు. "బిందె పట్టుకొని ఆడవాండ్లు నిలబడి ఉండారు. మొక్కకు ఎట్ల పోసేది?" అన్నాడు. ఆ గుంటలు అజాగ్రత్త వలన కలిగినవి కావు. ఏ మొక్క చావవలెనో ఒక మనిషి తన చేతులతో నిర్ణయించుకొన్న చోట్లు అవి.

ఇక్కడ మాలో వాదము పుట్టింది. ఒక సహోదరుడు గట్టిగానే అడిగాడు: "దాహముతో ఉన్నవారు ఈ దినము ఉన్నారు. ముప్పది ఏండ్ల తరువాత వచ్చువారు ఇంకా పుట్టలేదు. పుట్టనివారి నీడ కొరకు పుట్టినవారి నీళ్ళు ఖర్చు చేయుట న్యాయమా?" ఈ మాటను తేలికగా కొట్టివేయలేము. చెట్లు పెరిగితే నేల చల్లబడునని, వాన నీరు ఇంకునని జవాబు చెప్పవచ్చును. అది నిజమే. కాని బిందె పట్టుకొని నిలబడిన తల్లికి అది జవాబు కాదు. మరియొక సహోదరి వేరొక మాట అన్నది. నగరములో మనము స్కూటరు కడుగుటకు, మేడమెట్లు కడుగుటకు పోయు నీళ్ళను ఎన్నడును లెక్కవేయము. మొక్క మాట వచ్చినప్పుడే బీదవారి దాహము గుర్తుకు వచ్చును. ఆ మాట మమ్మును గ్రుచ్చినది. ఎదుటివారి బిందెలో నుండి తీసి మొక్కకు పోయుట దానము కాదు. మన సుఖములో నుండి తగ్గించి పోసినప్పుడు పుట్టినవారికి, పుట్టనివారికి జగడము రాదు. ఆ రెండు బిందెల మధ్య తీర్పు చెప్పవలసిన ఏడు వస్తే, పెద్దాయన చెప్పిన తీర్పే సరియని మాకు తోచింది: మనిషి ముందు, మొక్క తరువాత. అయితే ఆ తీర్పు చెప్పు హక్కు, మిగిలిన దినములన్నిటిలో నీళ్ళు మోసినవానికే ఉన్నది.

మరి పరాయి ఊరి సంగతి ఏమి? మన తెలుగువారు ఈ దక్షిణ ప్రాంతమునకు వచ్చి చేసిన పనులలో రెండు విధములున్నవి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో తెలుగు ఇంటిలో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళములో 1976లో 'గోపల్ల గ్రామం' అను నవల వ్రాశారు. తెలుగుదేశము విడిచి పారిపోయి వచ్చినవారు ఈ నల్లరేగడి సీమలో అడవిని కాల్చి, నరికి, ఊరు కట్టుకొన్న కథ అది. బ్రతుకుటకు వచ్చినవారు అట్లు చేయక తప్పలేదు. వారిని తప్పు పట్టుటకు మనకు నోరు లేదు. కాని వారు కాల్చిన అడవి ఎవరి లెక్కలో వ్రాయబడవలెను?

రెండవ విధము కూడ ఉన్నది. 1689 నుండి సుమారు 1704 వరకు మదురైని ఏలిన రాణి మంగమ్మ తెలుగు నాయకుల ఇంటి కోడలు. ఆమె బాటలు వేయించి, వాటి వెంట చెట్లు నాటించి, సత్రములు కట్టించినదని జనులు చెప్పుకొందురు. దక్షిణాదిలో కొన్ని బాటలను ఇప్పటికిని ఆమె పేరుతో పిలుచుచున్నారు. రాజపాళయములో తెలుగు ఇంటిలో పుట్టిన పి. ఎస్. కుమారస్వామిరాజా గారు 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి. తన ఇంటిని గాంధీ కళామన్రము కొరకు ఊరికి ఇచ్చివేశారు. ఆయన పదవిలోనున్న 1950లోనే కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ గారు వనమహోత్సవమును ప్రారంభించారు. వచ్చినవారు ఎన్నాళ్ళకు ఊరివారు అగుదురు? పట్టాకాగితము వచ్చినప్పుడా, ఓటరు జాబితాలో పేరు ఎక్కినప్పుడా? తాను తిరిగి తీసుకొనలేనిది ఏదైన ఆ ఊరికి ఇచ్చినప్పుడని మేము అనుకొన్నాము.

మనము చదువు గ్రంథములోను ఈ మాట ఉన్నది. అబ్రాహాము బెయేర్షెబాలో పిచులవృక్షమును నాటినది ఫిలిష్తీయుల దేశములో పరదేశిగా ఉన్నప్పుడే. యిర్మీయా బబులోనులోనున్న చెరవారికి ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడని, తోటలు నాటుడని చెప్పెను. అదే ఉత్తరములో తిరిగి వచ్చుటకు డెబ్బది సంవత్సరములని కూడ చెప్పెను. అనగా ఆ మాట విన్న పెద్దలలో చాలమంది తిరిగి రారు. తిరిగి వచ్చు పిల్లలు ఆ తోటలను తమతో తేలేరు. అవి బబులోనువారికే మిగులును. అయినను నాటుడనే చెప్పెను.

ఇంతమాత్రము చెప్పి ఊరుకొంటే సగము నిజమే చెప్పినట్లు. మంచి మనసుతో నాటినదెల్ల మంచి కాదు. ఈ విరుదునగర్ జిల్లాలో ఎటు చూచినను కనబడు సర్కారు తుమ్మను 19వ శతాబ్దములో అమెరికా ఖండము నుండి మన దేశమునకు తెచ్చారు. వంటచెరకు దొరకునని, బంజరు పచ్చబడునని నాటారు. అది చెరువులలోను చేలలోను ప్రాకి, మరియొక మొక్కను బ్రతుకనీయకుండ చేసినది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము దానిని తీసివేయుమని ఉత్తరువు ఇచ్చునంతవరకు వచ్చింది. అయితే ఆ కంపనే కాల్చి బొగ్గు అమ్ముకొని బ్రతుకు బీదవారును ఉన్నారు. గనుక పరాయి ఊరిలో నాటువాడు ముందు ఆ ఊరిని అడుగవలెను. ఏ వానకు నాటవలెనో, ఏ చెట్టు ఈ మట్టికి చెందినదో చెప్పగలవారు అక్కడే ఉందురు. చోళపురము పెద్దాయన వానలు పడుటకు ముందే గుంటలు త్రవ్వించెనట. మనమైతే మన అలవాటు చొప్పున ఆషాఢములో నాటి, రెండు నెలలు ఎండబెట్టి యుందుము.

లెక్కల విషయము కూడ చెప్పవలెను. తమిళనాడు ప్రభుత్వము 2022లో హరిత తమిళనాడు పథకమును ప్రారంభించి, పచ్చదనమును 23.7 శాతము నుండి 33 శాతమునకు పెంచవలెనని పూనుకొన్నది. తెలంగాణలో 2015లో హరితహారము ప్రారంభమైనది. ఇవి మంచి పనులే. కాని నాటిన లెక్క చెప్పుట సులభము, బ్రతికిన లెక్క చెప్పుట కష్టము. మన సంఘముల లెక్కలును ఇట్లే ఉండునని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో దరిపల్లి రామయ్య గారు సైకిలు మీద విత్తనములు, మొక్కలు పెట్టుకొని ఊరూర తిరిగి జీవితమంతయు అదే పనిచేశారు. భార్య జానమ్మ గారు ఆయనకు తోడు. జనులు ఆయనను వనజీవి అని పిలిచారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన నాటిన చెట్ల క్రింద కూర్చొనువారిలో ఎక్కువమంది ఆయనను చూచియుండరు.

సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు వాళ్ళ తాతగారు జవాబు చెప్పారు. ఆ కనిపించు కొండలలో శ్రీవిల్లిపుత్తూరు అభయారణ్యమున్నది. బూడిదరంగు పెద్ద ఉడుత కొరకు 1988లో ఏర్పాటైనది. ఆ ఉడుత నేలమీదికి సాధారణముగా దిగదు. ఒక చెట్టు కొమ్మ నుండి మరియొక చెట్టు కొమ్మకు దూకిపోవును. కొమ్మలు కలిసిన చోటనే గూడు కట్టును. "ఈ వరుసల కొమ్మలు ఒకదానికొకటి అందిన దినమున ఇది అడవి అవుతుంది నాయనా. అప్పటికి నేను ఉండను. నీవు వచ్చి చూడు" అన్నారు. పిల్లవాడు, "అప్పుడు మనము ఏ ఊరిలో ఉంటాము?" అని అడిగాడు. తాతగారు మాట్లాడలేదు. వలసవచ్చిన ఇంటిలో పుట్టిన పిల్లలు అడుగు ప్రశ్న అది. మనలో ఎవరి వద్ద దానికి జవాబున్నది?

ఆ జవాబు లేకపోయినను చేయదగిన పని ఉన్నది. రాబోవు ఉత్సవములో మేము నలువది మొక్కలు నాటము. కుటుంబమునకు ఒకటి చొప్పున, మూడేండ్లు నీళ్ళు పోయుదుమని ఒప్పుకొన్నవారికి మాత్రమే ఇచ్చెదము. ఉద్యోగరీత్యా ఊరు మారువారు పోవుటకు ముందు తమ మొక్కను ప్రక్కింటివారికి, వారు ఏ భాషవారైనను, ఏ మతమువారైనను, చూపించి అప్పగించి పోవలెను. గోడ మీది పాత ఫోటోను తీసివేయుదమని ఒకరన్నారు. వద్దన్నాము. అది అక్కడే ఉండనిమ్ము. దాని క్రింద బ్రతికినవి రెండు అని వ్రాసి పెట్టెదము. మీ సంఘములలోను ఇట్టి ఫోటోలు ఉండవచ్చును. ఒకసారి గోడవైపు చూచి, తరువాత ఆవరణలోనికి పోయి లెక్కపెట్టి చూడుడి.