నా గాయం ఎవరి పాఠం?

మా నాయన పొట్టమీద పదకొండుమంది చేతులు పెట్టి చూశారు. 1999లో, పెద్దాసుపత్రి జనరల్ వార్డులో. నాకప్పుడు పదేళ్ళు. పెద్ద డాక్టరు ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే తెల్లకోట్ల పిల్లలు ఒకరి తర్వాత ఒకరొచ్చి నొక్కారు. నొక్కినప్పుడల్లా నాయన పళ్ళు బిగపట్టాడు. వాళ్ళెళ్ళాక అమ్మ తిట్టబోతే "పిల్లకాయలు నేర్చుకుంటన్నారు, పోనీ" అన్నాడు. రాత్రి నాతో మాత్రం ఇంకో మాటన్నాడు: "వద్దంటే మంచం ఖాళీ చెయ్యమంటారేమో అబ్బయ్యా."

డబ్బున్నోడి పొట్ట ప్రైవేటు గదిలో ఉంటది. దానిమీద ఎవరూ పాఠం చెప్పరు.

ఇది నాకు మళ్ళీ 2022లో ఒక శిక్షణలో గుర్తొచ్చింది. కౌన్సెలింగ్ అంటే మా టీచర్లకు బదిలీల కౌన్సెలింగే తెలుసు. ఇది అది కాదు. పిల్లల బాధ వినటం నేర్పే శిక్షణ. ఐదు రోజులు, నలభైమందిమి. ఎవరు పెట్టారో ఇక్కడ అనవసరం. నేర్పిన మేడం మంచి మనిషి, అది ముందే చెబుతున్నా. కుర్చీలు గుండ్రంగా వేయించి "ఇక్కడ పెద్దా చిన్నా లేదు" అన్నారు. కార్ల్ రోజర్స్ గురించి చెప్పారు. తీర్పు చెప్పొద్దు, ఎదుటి మనిషి చోట నిలబడి వినండి అన్నాడట ఆయన. నాకు నచ్చింది. వాడలో పుట్టినోణ్ణి తీర్పు చెప్పకుండా విన్నవాళ్ళు ఎందరు?

తర్వాత ముగ్గురేసి జట్లు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, ఒకరు చూసి రాసుకోవాలి. "కల్పించొద్దు, సొంత బాధే చెప్పండి. నిజం లేకపోతే వినటం రాదు" అన్నారు మేడం. మా జట్టులో ఒకాయన కొడుక్కి ఇంజనీరింగు సీటు రాలేదని చెప్పాడు. నేను, బుద్ధిలేక, మొదటి పోస్టింగులో స్టాఫ్ రూములో నా గ్లాసు విడిగా కిటికీలో పెట్టిన సంగతి చెప్పా. ఎదురుగా కూచున్నాయన తలూపుతూ "మీకు అవమానంగా అనిపించింది" అన్నాడు. నేర్పినట్టే అన్నాడు, తప్పు పట్టటానికేం లేదు. టీ టైముకి ఆ సంగతి నలభైమందికీ చేరింది. "తీసుకోండి మాస్టారూ, ఇక్కడ గ్లాసులన్నీ ఒకటే" అని ఒకాయన నవ్వుతూ అందించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఆ నా నవ్వే నన్నిప్పటికీ తింటంది.

సాయంత్రం మార్కుల కాయితాలిచ్చారు. 'మనసు విప్పి చెప్పటం' అని ఒక గడి. కొడుకు సీటు చెప్పినాయనకి పదికి ఆరు. నా గ్లాసుకి తొమ్మిది!

మర్నాడు నాటకం. తాగుబోతు తండ్రి, కూలికిపోయే తల్లి, హాస్టల్లో ఆడపిల్ల. కౌన్సెలర్ వేషం ఇంకొకరికిచ్చి, తండ్రి వేషం నాకిచ్చారు. "మీరైతే సహజంగా చేస్తారు." మా నాయన జన్మలో సారా ముట్టలేదు. వాళ్ళ కేసు కాయితాల్లో చెడిపోయేది ఎప్పుడూ మనమే, బాగుచేసేది ఎప్పుడూ వాళ్ళే.

తర్వాత వెతికి చదివా. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2002లో ఆమోదించిన నీతి నియమావళిలో దీనికొక నియమముంది. విద్యార్థి మీద జరిగిన అఘాయిత్యాలు, తీసుకున్న మానసిక చికిత్స, తల్లిదండ్రులతో, భార్యతో, భర్తతో సంబంధాలు, ఇలాంటివి బయటపెట్టమని చదువులో భాగంగా బలవంతం చెయ్యకూడదు. చేరేటప్పుడే ఆ సంగతి స్పష్టంగా చెప్పి ఉండటం లాంటి ఒకటి రెండు మినహాయింపులున్నాయి. మార్కులు వేసే పంతులే ఆ విద్యార్థికి చికిత్స చెయ్యకూడదని ఇంకో నియమం. బాగానే ఉంది. ఆ జాబితాలో కులం మాత్రం లేదు. వాళ్ళకెందుకు తోస్తది? మన గుండ్రంలో కూచున్నోళ్ళకే తోచలేదు.

అడిగితే ఒప్పుకునే చెప్పావు గదా అంటారు. నాయన కూడా ఒప్పుకున్నాడు.

మరి ఈ పుస్తకంలో నువ్వే రాస్తున్నావు గదా అని మీరడగొచ్చు. రాస్తున్నా. బరోడాలో పార్సీలు కర్రలతో వచ్చి సత్రం నుంచి తనని వెళ్ళగొట్టిన సంగతి అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశాడు. ఎవరికి చెప్పాలో, ఎక్కడ ఆపాలో ఆయన చేతిలో ఉంది. ఎవరూ పదికి ఇన్నని వెయ్యలా. గ్లాసు సంగతి ఇక్కడ రాసేటప్పుడు నా చెయ్యి వణకలేదు. అక్కడ చెప్పేటప్పుడు గొంతు వణికింది. సంగతి ఒకటే.

ఇంతవరకు వాళ్ళ తప్పులే చెప్పా. నాది చెప్పాలి. నాలుగోరోజు "మీ బడిలో ఒక కేసు చెప్పండి" అంటే మా తొమ్మిదో తరగతి పిల్ల నన్ను నమ్మి చెప్పుకున్న సంగతి చెప్పేశా. అదేంటో ఇక్కడ రాయను. పేరు మార్చాలే. మారిస్తే ఏంటి, మా మండలంలో ఆడపిల్లల హాస్టలు ఒకటే. మేడం "మంచి కేసు" అన్నారు. పొంగిపోయా. బస్సులో తిరిగొస్తుంటే గానీ తెలవలా, నేనూ తెల్లకోటు తొడుక్కున్నానని.

ఇప్పుడు నన్నే రిసోర్స్ పర్సన్‌గా రమ్మంటున్నారు. పోతున్నా. సొంత బాధ చెప్పక్కర్లేదు, దానికి మార్కుల్లేవు అని మొదటిరోజే చెబుతున్నా. రాసి తెచ్చిన కథలే చేయిస్తున్నా. తాగుబోతు తండ్రికి పెద్దింటి పేరు పెడితే ఒకళ్ళిద్దరు మొహం మాడ్చుకున్నారు. అది నాకు ఇబ్బంది కాదు. ఇబ్బంది ఇంకోటి. ఒక కుర్ర టీచరమ్మ "కథలో మనిషికి నిజం ఏడుపు రాదు గదా సార్, ఏడ్చే పిల్ల ముందు ఎట్టా కూచోవాలో మాకెట్టా తెలుస్తది?" అంది. నాకు జవాబు రాలా. ఆ తెల్లకోట్ల పిల్లలు ఏ పొట్టమీదా చెయ్యి పెట్టకపోతే నాయన లాంటోళ్ళకి వైద్యం చేసేదెవరు?

ఆ తొమ్మిదో తరగతి పిల్లకి క్షమాపణ చెప్పుకున్నా. ఇంకెప్పుడైనా నీ సంగతి చెప్పాల్సొస్తే నిన్నడుగుతా, వద్దంటే వద్దు అన్నా. తలొంచుకుని "చెప్పండి సార్, మీ ఇష్టం" అంది.

ఆ పిల్ల పరీక్ష పేపర్లు దిద్దేది నేనే.