చిన్న తెరపై అవయవి

అవయవాలకంటే వేరుగా అవయవి అనే వస్తువు ఉన్నదా అన్నది భారతీయ తర్కంలో న్యాయదర్శనం వారైన నైయాయికులకూ బౌద్ధులకూ మధ్య శతాబ్దాల తరబడి సాగిన వివాదం. దారాలు అవయవాలు, వస్త్రం అవయవి. వస్త్రం దారాలలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో నిలిచే కొత్త ద్రవ్యమని నైయాయికులు, దారాల పోగుకు పెట్టుకున్న పేరు మాత్రమేనని బౌద్ధులు వాదించారు. ఒక కొస పట్టి లాగితే వస్తువంతా కదిలి వస్తుంది కనుక అవయవి ఉన్నదనేది న్యాయసూత్రాలు చూపిన యుక్తులలో ఒకటి. చేతిఫోనులో తెరుచుకునే వెబ్ పేజీ ఈ వివాదాన్ని మళ్లీ లేవనెత్తుతుంది.

1999 నాటి నోకియా 7110 తెర అడ్డంగా 96, నిలువుగా 65 పిక్సెళ్లు, అంటే వెలుగుచుక్కలు. జీఎస్ఎం కాల్ మీదుగా సమాచారం సాధారణంగా సెకనుకు 9,600 బిట్ల వేగంతో వచ్చేది. అందువల్ల వ్యాప్ అనే నియమావళి పేజీని పేకముక్కల పోలికతో కార్డులుగా కోసి, వాటిని డెక్ అనే కట్టగా చేర్చింది: తెరపై కనిపించేది కార్డు, ఫోనుకు చేరేది డెక్. ఒక కార్డును అడిగితే కట్టంతా వచ్చేది. నైయాయికుడు సంతోషించవలసిన ఏర్పాటే ఇది, కాకపోతే దాని వెనుక ఉన్నది తత్త్వం కాదు, అడిగిన ప్రతిసారీ పట్టే ఆలస్యాన్ని తగ్గించుకునే ఉపాయం.

అసలు చిక్కు పట్టికల దగ్గర వచ్చింది. ఒపేరా బ్రౌజరు 2002లో తెచ్చిన చిన్నతెర పద్ధతి, పేజీని పక్కకు జరపనవసరం లేకుండా, విషయమంతటినీ ఒకే నిలువు వరుసగా పేర్చేది. రైళ్ల వేళల పట్టికను అలా పేర్చితే స్టేషన్ల పేర్లూ వేళలూ అన్నీ చేరతాయి, ఒక్క అంకె కూడా పోదు, అయినా ఏ వేళ ఏ స్టేషనుదో తెలియదు. పేజీ అవయవాల పోగే అయితే ఇక్కడ నష్టమేమీ జరగకూడదు. జరిగింది కనుక బౌద్ధపక్షం ఇక్కడ నిలవదు. దారాల కూడికను నైయాయికులు వస్త్రానికి అసమవాయికారణం, అంటే దారాలలో ఉండి వస్త్రాన్ని పుట్టించే కారణం, అంటారు. ఆ కూడిక చెదిరితే దారాలున్నా వస్త్రం నశిస్తుందన్న న్యాయసిద్ధాంతమే ఈ పట్టికకు సరిపోతుంది.

2007లో ఐఫోన్ 980 పిక్సెళ్ల వెడల్పున అమర్చిన పేజీని 320 పిక్సెళ్లకు కుదించి కూడికను కాపాడింది, కానీ అక్షరాలు నువ్వుగింజలంతయ్యాయి. మరుసటి సంవత్సరం వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ, పట్టికలను సరిగా చూపగలదని తెలిసిన ఫోనుకు తప్ప పట్టికలే పంపవద్దని తన మొబైల్ సూచనలలో చెప్పింది.